మూడు రబ్బరు మూతలు

మేనకోడలు తెచ్చిన కాగితంలో తొమ్మిది వస్తువులున్నాయి. మెకానిక్ దాన్ని బల్ల మీద పరిచి, మడత పడిన చోట బొటనవేలితో సాపు చేసి, పెన్ను తీసి నాలుగు కొట్టేశాడు.

"రంగు లైట్ల క్యాబినెట్ దేనికి? ఆట లోపల ఆడతావా, బయట ఆడతావా?"

"నేను రాయలేదు మామయ్యా. పెద్ద షాపులో రాసిచ్చారు."

"రాస్తారు. అమ్ముడుపోనివన్నీ ముందు రాస్తారు."

ఆమె నవ్వి, వెంటనే గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. గురువారం. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆమె ఆట చూస్తామని కబురొచ్చింది. ఇంటర్నెట్‌లో ఐదుగురు ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆట అది. పోటీలకు వెళ్ళే ఆడపిల్లల జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. ముగ్గురిని పిలిచారు, ఒకరిని ఉంచుకుంటారు. ఉంచుకుంటే రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ప్రాక్టీసు. ఇన్నాళ్ళూ ఆమె వీధి చివర గేమ్ సెంటర్‌లో ఆడేది. కిందటి నెల దాన్ని మూసేసి చెప్పుల కొట్టు పెట్టారు. ఇప్పుడిక ఇంట్లోనే కంప్యూటర్ ఉండాలి. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసి దాచుకున్నది పెద్ద షాపు వాళ్ళ లెక్కకి సగానికి కూడా రాదు. అందుకే మామయ్య దగ్గరికి వచ్చింది.

ఆమెకి ఇరవై మూడేళ్ళు. ఆటలో పేరు గొంగళి. అదేం పేరని మెకానిక్ అడిగితే, కనపడకుండా పాక్కుంటూ పోయి వెనకనుంచి కొడతాను కాబట్టి అంది. ఆమె తల్లి, అంటే మెకానిక్ అక్క, ఇంట్లో పనికి పిలిచినా అంతే పాక్కుంటూ వస్తుందని దెప్పింది.

ఎత్తేసిన ఒక ఆఫీసు నుంచి కొన్న కంప్యూటర్ మెకానిక్ దగ్గర ఉంది. క్యాబినెట్ ఇనపది, బరువు. బోర్డూ, ప్రాసెసరూ పెద్దగా వాడనివి. దానికి ఇంకొంచెం మెమరీ, గట్టి పవర్ సప్లై, ఒక గ్రాఫిక్స్ కార్డు కలిపితే చాలు. ఆఫీసు పనికి కార్డు అక్కర్లేదు, బోర్డే బొమ్మ చూపిస్తుంది. ఆటకి బోర్డు చూపించే బొమ్మ చాలదు. కార్డు ఒక్కటీ పాతది వెతకాలి. దానికి భూతద్దం ఉన్నాడు.

భూతద్దం అసలు పేరు ఆ బజారులో ఎవరూ పిలవరు. మెట్ల కింద ఒక బల్ల, వెనక అట్టపెట్టెలు, మెడలో దారానికి వేలాడే అద్దం. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు అద్దం పెట్టి చూస్తాడు. చిల్లర నాణేన్ని కూడా అలాగే చూస్తాడని వెక్కిరిస్తారు. ఆ రోజు రెండు పెట్టెలు దించి, మూడో పెట్టెలోంచి ఒక కార్డు తీసి, తన బల్ల మీది కంప్యూటర్‌కి తగిలించి నడిపి చూపించాడు.

"ఫ్యాన్ కాస్త గరగరమంటుంది తమ్ముడూ. ముందే చెబుతున్నాను. మిగతాదంతా శుభ్రంగా ఉంది."

"నువ్వు చెప్పాక నేను చూసేదేముంది అన్నా" అన్నాడు మెకానిక్.

భూతద్దం కార్డు విప్పి, చిన్న బ్రష్షుతో దాని సాకెట్లు మూడూ తుడిచి, మూడు నల్ల రబ్బరు మూతలు తీసి ఒక్కో సాకెట్టులో ఒక్కొక్కటీ వేలితో నొక్కాడు. ఆయన దగ్గర కొన్న ప్రతి కార్డుకీ ఆ మూతలు ఉంటాయి. ఆయన అలవాటు అది.

మధ్యాహ్నానికి అక్క ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద పని మొదలైంది. మేనకోడలు అరచేతిలో స్క్రూలు పట్టుకుని నిలబడింది. మెకానిక్ చెయ్యి చాపితే చాలు, కావలసిన కొలత స్క్రూ వేళ్ళ మధ్యకి వచ్చేది. రోజుకి వేల మాత్రల అట్టలు పెట్టెల్లో సర్దే చేతులు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడి లాగే పేస్టుని గుడ్డతో తుడిచి, కొత్త పేస్టు శనగ గింజంత పెట్టాడు. అంతేనా అని ఆమె అడిగింది. ఎక్కువైతే పక్కలకి కారుతుంది, తక్కువైతే కాలుతుంది అన్నాడు. కార్డు టక్కుమని కూర్చునేదాకా రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. మూత బిగించి, కంప్యూటర్‌ని బల్లకీ గోడకీ మధ్య మూలకి తోసి, ముందువైపే నిలబడి చెయ్యి వెనక్కి పోనిచ్చి, తడుముకుని మానిటర్ కేబుల్ గుచ్చాడు. ఇరవై రెండేళ్ళుగా బిల్లింగ్ కౌంటర్ల కింద, ఆఫీసు బల్లల వెనక, చూడకుండా గుచ్చిన చెయ్యి అది.

బొమ్మ వచ్చింది. అక్క టీ తెచ్చింది. ఆట ఇంటర్నెట్ నుంచి దిగడానికి సాయంత్రం దాకా పట్టింది.

మొదటి ఆట మొదలైన నిమిషానికే మేనకోడలు మొహం మారింది. తుపాకీ తిప్పితే బొమ్మ ఆగి, తర్వాత ఒక్కసారిగా తిరుగుతోంది. ఎదురుగా వస్తున్న మనిషి ఒక అడుగు ఇక్కడ కనపడితే రెండో అడుగు గోడ అవతల కనపడుతున్నాడు. ఆమె రెండోసారి ఆడింది, మూడోసారి ఆడింది. మౌసు మీద చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి చూస్తే మెకానిక్‌కి ఒళ్ళు మండింది. బోర్డు తను చూసినదే. మెమరీ కొత్తది. పవర్ సప్లై కొత్తది. ఇక మిగిలింది ఒకటే.

శుక్రవారం పదకొండింటికి ఆ కార్డు కవరులో వేసుకుని భూతద్దం బల్ల దగ్గరికి పోయాడు. అక్కడ నలుగురున్నారు. ఒకాయన కీబోర్డు బేరమాడుతున్నాడు, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక ప్రింటర్ల మనిషి. మెకానిక్ వాళ్ళు వెళ్ళేదాకా ఆగలేదు. అన్నా అని కూడా అనలేదు.

"చచ్చిన కార్డు తుడిచి మూతలు పెట్టి అమ్మావు. నా వాళ్ళకే ఇట్లా ఇచ్చావంటే, మిగతా వాళ్ళకి ఏమిస్తున్నావో."

కీబోర్డు ఆయన కీబోర్డుని కింద పెట్టేశాడు. భూతద్దం కవరులోంచి కార్డు తీసి, అద్దం పెట్టి, సాకెట్లున్న వైపు చాలాసేపు చూశాడు. తలెత్తి మెకానిక్‌ని చూశాడు. చుట్టూ ఉన్న నలుగురినీ చూశాడు. కార్డుని మళ్ళీ కవరులో పెట్టాడు.

"సాయంత్రం ఇంటికొచ్చి ఒకసారి నీ మెషీన్ చూడనా తమ్ముడూ?"

"నా మెషీన్‌కేం రోగం లేదు."

ఆయన పెట్టె దించి, అంతకన్నా మంచి కార్డు ఒకటి తీసి, తుడిచి, మూతలు నొక్కి ఇచ్చాడు. పైన డబ్బేమీ అడగలేదు. తప్పు చేసినవాడే అట్లా ఊరికే ఇస్తాడని మెకానిక్ దారి పొడుగునా అనుకున్నాడు.

కంప్యూటర్‌ని మూలలోంచి కదపకుండా పక్క రేకు విప్పి రెండో కార్డు పెట్టినా ఆట అలాగే ఉంది. అతను స్క్రూలు విప్పుతూ బిగిస్తూ ఉండగా ఫోన్ మోగింది. భూతద్దం. మెకానిక్ ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాడు. చీకటి పడేలోగా ఇంకో రెండుసార్లు మోగింది. వేరే కార్డు కోసం ఇంకెక్కడికైనా పోదామంటే బజారు మూసే వేళయింది. మర్నాడు పొద్దున పోతే, ఎరగని కొట్టువాడు శనివారం తీరిక లేదని తలుపు దగ్గరే చెప్పేశాడు.

శనివారం మూడింటికి మేనకోడలు తల దువ్వుకుని, ఉతికిన జాకెట్టూ చీరా కట్టుకుని కూర్చుంది. వాళ్ళకి నువ్వు కనపడతావా అని తల్లి అడిగితే కనపడనంది. అయినా కట్టుకుంది. మెకానిక్ గుమ్మంలో పీట వేసుకున్నాడు. హెడ్‌ఫోన్లలో ఎవరేమంటున్నారో అతనికి వినపడదు. ఆమె మాత్రం అప్పుడప్పుడూ సరే అక్కా, ఎడమవైపు ఒకరు అక్కా అంటోంది. మొదట్లో వీపు నిటారుగా ఉంది. పావుగంటకి ముందుకు వంగింది. చూపు ముందే చేరిన చోటికి బొమ్మ వెనకనుంచి వస్తుంటే, ఆమె భుజం దాన్ని లాక్కొస్తున్నట్టు కదిలేది. నలభై నిమిషాలకి ఆట అయిపోయింది. హెడ్‌ఫోన్లు తీయబోయి మళ్ళీ పెట్టుకుని ఏదో వింది. సరే అక్కా, చూస్తాను అక్కా అని తీసేసింది. నొక్కుకుపోయిన జుట్టుని వేళ్ళతో లేపుకుంది.

"కంప్యూటర్ ఆగిపోతోందని చెప్పకపోయావా?" అన్నాడు మెకానిక్.

"ఓడిన వాళ్ళందరూ అదే చెబుతారు మామయ్యా. ఆ సాకు వద్దని వాళ్ళు ముందే అన్నారు."

ఆ సాయంత్రం ఆమె ఆటగాళ్ళ గ్రూపులో ఒక మాట రాసింది. మెట్ల కింద పాత సామాను అమ్మే ఆయన దగ్గర కార్డులు కొనొద్దు, రెండు ఇచ్చారు, రెండూ పనికిరానివే అని. రాసి మామయ్యకి చూపించింది. పంపు అన్నాడు.

ఆదివారం పొద్దున మేనకోడలు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. రెండో కార్డు కూడా పీకి భూతద్దం మొహాన కొట్టి రావాలని మెకానిక్ బల్లని ముందుకు లాగాడు. లాగాక, కంప్యూటర్ వెనక భాగాన్ని మొదటిసారి కంటితో చూశాడు.

మానిటర్ కేబుల్ పైన, బోర్డు సాకెట్టులో ఉంది. ఆఫీసు కంప్యూటర్లకి ఉండే ఒకే ఒక్క చోటు అది. దానికి జానెడు కింద కార్డు సాకెట్లు మూడు. మూడింటిలోనూ నల్ల రబ్బరు మూతలు, భూతద్దం వేలితో నొక్కినవి నొక్కినట్టే ఉన్నాయి.

అతను గొంతుక్కూర్చున్నాడు. కార్డు పెట్టాక మానిటర్‌ని కార్డుకే గుచ్చాలి. అది తెలియని విషయం కాదు. ఎవరైనా అడిగితే చెప్పేవాడు. చేతికి తెలియలేదు. మొదటి కార్డూ మంచిదే, రెండోదీ మంచిదే. ఆ మూడు రోజులూ పిల్ల బోర్డు చూపించే బొమ్మ మీదే ఆడింది.

కేబుల్ పీకి, కింది సాకెట్టు మూత ఒకటి గోటితో లేపాడు. అప్పుడే పెరటి తలుపు చప్పుడైంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ మేనకోడలు వస్తోంది. ఇప్పుడు ఇది కింద గుచ్చితే ఆట నీళ్ళలా పారుతుంది. ఏం చేశావని అడుగుతుంది. అయిపోయిన ఆటకి ఇప్పుడు చెప్పి లాభమేముంది అనుకున్నాడు. రెండు రోజులాగి ఇంకో కార్డు తెచ్చానని చెప్పి, దాంతోపాటే కేబుల్ కూడా సర్దేస్తే సరిపోతుంది. ఆ ఒక్క క్షణంలో ఇదంతా అనుకుని, మూత మళ్ళీ నొక్కి, కేబుల్‌ని పైనే గుచ్చాడు.

"ఏమైనా తెలిసిందా మామయ్యా?" అని అడిగింది. గొంతులో ఆశ ఉంది. అది ఎందుకో అతనికి అర్థం కాలేదు.

"కార్డే. మంగళవారం ఇంకోటి తెస్తాను."

"ఇవ్వాళ దొరకదా?"

"ఆదివారం ఎవడు తెరుస్తాడు?"

ఆమె తల ఊపింది. కాసేపు అక్కడే నిలబడి, మిగిలిన బట్టలు ఆరవేయడానికి వెళ్ళింది.

సోమవారం ఆమె కంపెనీ నుంచి వచ్చి, అన్నం తింటూ, షిఫ్టుల కాగితం వచ్చిందని, సాయంత్రం షిఫ్టుకి ఒప్పుకుని ఆర్నెల్లకి సంతకం పెట్టానని తల్లికి చెప్పింది. రెండింటి నుంచి పది దాకా. ఎటూ సాయంత్రాలు ఖాళీయే కదా అంది. మెకానిక్ మంచినీళ్ళ చెంబు ఎత్తి తాగాడు.

మంగళవారం పొద్దున అతని షాపుకి ఒకాయన పాత కంప్యూటర్ పట్టుకొచ్చి, మాటల మధ్యలో, ఆ మెట్ల కింద ముసలాయన మోసగాడటండీ, మా అబ్బాయి ఫోన్లో చదివాడు అన్నాడు. మెకానిక్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆయన వెళ్ళాక షట్టర్ సగం దించి బజారుకి నడిచాడు. బల్ల దగ్గర భూతద్దం ఒక్కడే ఉన్నాడు. ఆ వేళకి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుండేవారు.

"కేబుల్ పైన పెట్టాను అన్నా" అన్నాడు మెకానిక్.

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"శుక్రవారమే. కార్డు తెచ్చిచ్చావు కదా, మూతలు మూడూ నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటైనా తీయకుండా బొమ్మ ఎట్లా వస్తుంది?"

"మరి అప్పుడే అనకపోయావా?"

భూతద్దం అద్దాన్ని చొక్కా అంచుకి తుడిచాడు. "నలుగురున్నారు. నీకూ ఇదే వీధిలో షాపుంది. ఇరవై రెండేళ్ళ మెకానిక్‌కి కేబుల్ పెట్టడం రాదని వాళ్ళ ముందు ఎట్లా అనను? ఇంటికొస్తానన్నాను, వద్దన్నావు. సాయంత్రం మూడుసార్లు ఫోన్ చేశాను." తుడిచిన అద్దాన్ని గుండెల మీదికి వదిలాడు. "పిల్లకి శనివారం ఆట ఉందని నువ్వే చెప్పావు కదా, అందుకని చేశాను."

మెకానిక్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. భూతద్దం స్టూలు ముందుకు తోశాడు గాని అతను కూర్చోలేదు.

అక్క ఇంటికి వచ్చేసరికి మేనకోడలు యూనిఫాం వేసుకుని, ఒంటిగంటన్నరకి వచ్చే కంపెనీ వ్యాను కోసం చూస్తోంది. ఇంకా ఇరవై నిమిషాలుంది. మెకానిక్ బల్ల ముందుకు లాగి, ఇటు రా అని పిలిచి, ఆమె చూస్తుండగా కింది సాకెట్టు మూత తీసి, కేబుల్‌ని పైనుంచి పీకి కింద గుచ్చాడు. ఆడు అన్నాడు.

ఆమె నిలబడే ఆడింది. మౌసు కదిపితే గోడ కదిలింది, ఆపితే ఆగింది. దూరంగా పరిగెత్తుతున్న మనిషి ఒక్కో అడుగూ తెలిసింది. నిమిషం కూడా ఆడలేదు. చెయ్యి తీసేసింది.

అతను అంతా చెప్పాడు. కార్డులు మంచివేననీ, తప్పు తన చేతిదేననీ చెప్పాడు. ఆమె తెరమీంచి చూపు తిప్పకుండా వింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"ఆదివారం ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు బట్టలు ఉతుకుతున్నప్పుడు."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మెల్లగా చెప్పింది. శనివారం ఆట అయ్యాక కెప్టెన్ అక్క ఉండమని చెప్పి, నీ చూపు బాగుంది, చెయ్యే అందుకోవట్లేదు, ఇంకో ఆట ఆడి రికార్డు చేసి సోమవారం పొద్దుటిలోగా పంపితే చూస్తాం అందట. ఆదివారమంతా మామయ్య ఏమంటాడో అని చూసిందట. సోమవారం పన్నెండింటికి వేరే అమ్మాయిని తీసుకున్నట్టు మెసేజ్ వచ్చాక, కంపెనీలో సంతకం పెట్టిందట.

"ఆ మాట నాకు చెప్పలేదేమమ్మా?"

"చెబితే మీరు ఇంకా బాధపడతారని."

మెకానిక్ పీట మీద కూర్చున్నాడు. "నేనొచ్చి మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడనా? ఆ కెప్టెన్‌కి ఫోన్ చేస్తావా, నేనే చెబుతాను."

"ఏమని చెబుతారు మామయ్యా? ఆ అమ్మాయిని తీసెయ్యమంటారా?"

వంటింట్లో పని చేస్తున్న అక్క చేతిలో గిన్నెల చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. ఆమె బయటికి రాలేదు.

మేనకోడలు ఫోన్ తీసి గ్రూపులో రాసినది తుడిచేసింది. ఆయన కార్డులు రెండూ బాగున్నాయి, పొరపాటు మా ఇంట్లో జరిగింది అని రాసింది. ఈసారి మామయ్యకి చూపించకుండానే పంపింది. బయట వ్యాను హారన్ వినపడింది. బ్యాగు తగిలించుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దాటబోతూ ఆగింది.

"ఆయనకి చెప్పారా?"

"పొద్దున పోయి చెప్పాను."

"నలుగురూ ఉన్నప్పుడా?"

"లేదు. ఒక్కడే ఉన్నాడు."

ఆమె మెట్లు దిగింది.

బుధవారం సాయంత్రం ఐదున్నరకి మెకానిక్ బజారుకి వెళ్ళాడు. బల్ల దగ్గర ఇద్దరే ఉన్నారు. అతను ఎదుటి కొట్టు మెట్టు పక్కన నిలబడ్డాడు. భూతద్దం అతన్ని చూసి, చూడనట్టు ఒక పెట్టె సర్దుకున్నాడు. పావుగంటకి ఒకాయన వచ్చి మౌసు ఉందా అని అడిగాడు. ఇంకో పది నిమిషాలకి ఒక కుర్రవాడు, కాలేజీ పిల్లల్లో ఒకడే, ఫోన్ చూసుకుంటూ వచ్చి నిలబడ్డాడు. నలుగురయ్యారు. మెకానిక్ వీధి దాటాడు.

"శుక్రవారం ఇక్కడ నిలబడి ఈయన్ని దొంగ అన్నాను" అన్నాడు. గొంతు అనుకున్నదానికన్నా చిన్నగా వచ్చింది. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. "ఈయన ఇచ్చిన కార్డు మంచిది. కేబుల్ నేను తప్పు చోట పెట్టాను. ఆ సంగతి ఈయనకి అప్పుడే తెలిసినా మీ ముందు నా పరువు పోతుందని అనలేదు. నేను మాత్రం ఈయన పరువు తీశాను."

మౌసు అడిగినాయన ఇదేమిటో తెలియక భూతద్దం వైపు చూశాడు. భూతద్దం పెట్టెలోంచి తల ఎత్తలేదు. సరేలే తమ్ముడూ, అయిపోయింది అన్నాడు, ఎవరికీ వినపడనట్టు.

కాలేజీ కుర్రవాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ గ్రూపులో వాడూ ఉన్నాడు కాబోలు.

"అయితే గొంగళి అక్క కంప్యూటర్ బాగైపోయినట్టే కదండీ? ఇవ్వాళ ఆడుతోందా?"

మెకానిక్ అవతలి గోడ గడియారం చూశాడు. ఆరవుతోంది.

"లేదు బాబూ" అన్నాడు. "డ్యూటీలో ఉంటుంది."